అరచేయంత రేకు

“నీకు పొలమారితే వంటింట్లో ఉన్నా నాకు తెలుస్తుంది. ఆ రోజు ఫోన్లో నీ ఆట కళ్ళార్పకుండా చూశాను. నీకేం పొలమారలేదు. ఎందుకు రాశావలా?”

తల్లి ఈ మాట అడగడం మూడోసారి. పిట్ట ఆమె కూతురు. చక్రాల కుర్చీలో తల కుడివైపుకి వాల్చుకుని, బల్లమీద విప్పిపెట్టిన ఉత్తరంకేసి చూస్తూ కూర్చుంది. ఫ్యానుగాలికి ఎగరకుండా ఉత్తరం మీద ఉప్పుసీసా పెట్టారు.

జాతీయ సంఘం కార్యదర్శి రాసిన ఉత్తరం అది. రెండే పేరాలు. ఆఖరి బంతి దగ్గర తనకి పొలమారి ఊపిరాడలేదనీ, సాయానికి రిఫరీని పిలవబోయి తన తండ్రి ఆటకోర్టువైపు తిరిగాడనీ క్రీడాకారిణి పంపిన వివరణ అందింది. ఆటలో ఊపిరాడని మనిషిని డాక్టరు సర్టిఫికెట్ లేకుండా జట్టులో ఉంచడం కుదరదు. ఇది మొదటి పేరా. వచ్చే పోటీకి సహాయకుడెవరో జతచేసిన ఫారంలో రాసి సోమవారంలోగా అందజేయాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఇది రెండో పేరా.

ఇవాళ ఆదివారం.

“నిన్నే అడుగుతున్నది,” అంది తల్లి.

“అబద్ధం రాయడానికి... నలభై నిమిషాలు పట్టిందమ్మా,” అంది పిట్ట. “ముక్కుతో... పొడుచుకుంటూ. నిజమైతే... రెండు ముక్కల్లో అయిపోయేది.”

ఆమె మాటలు ఒకదానికొకటి దూరం దూరంగా వస్తాయి. ఇంట్లోవాళ్ళకి ఆ దూరాలు వినిపించవు. ముక్కు అంటే తలపట్టీకి ముందు అమర్చిన కడ్డీ. ఇరవై రెండేళ్ళుగా చేతులు మాట వినని ఆ పిల్ల టైపు చేసేదీ, ఆటలో బంతి వదిలేదీ దానితోనే. జట్టు కెప్టెన్ మాస్టారు మొదటిరోజు ఆ కడ్డీని చూసి వడ్రంగిపిట్ట అన్నాడు. కొన్నాళ్ళకి వడ్రంగి పోయి పిట్ట మిగిలింది. ఇప్పుడు ఇంట్లోనూ అదే పేరు.

“నన్ను నవ్వించకు. నీ చోటే పోయేట్టుంది.”

“నిజం రాస్తే... నాన్నని తీసేస్తారు కదా.”

“ఏంటా నిజం?”

అడిగింది కూతుర్నే. చూసింది మాత్రం కిటికీ వైపు.

కిటికీ దగ్గర పిట్ట తండ్రి ఉన్నాడు. చువ్వలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు. బయట చూడ్డానికేం లేదు. ఎదురింటి గోడ, దానిమీద ఆరేసిన రెండు తువ్వాళ్ళు.

“కంగారు,” అంది పిట్ట. “ఆఖరి బంతి కదా... కంగారుపడ్డాడు. మనిషన్నాక... తిరగడా?”

సిగ్గుపడితే ముఖం చెబుతుందంటారు. అతనికి మాత్రం సిగ్గు మెడ వెనక పట్టుకుంది. పోటీనించి తిరిగొచ్చిన పదహారు రోజుల్నించీ అక్కడ ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది. లేత్ మెషిను మీద వంగినా, అన్నం ముందు వంగినా అదే వేలు. అతను తిరిగిన ఆ ఒక్క క్షణం వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. వర్క్‌షాపులో కుర్రాళ్ళు అతనికి ‘రివర్సు’ అని పేరు పెట్టారు. రివర్సుగారూ టీ వచ్చింది, అంటారు. అతను కూడా నవ్వుతాడు. నవ్వడం వాళ్ళకంటే ఒక క్షణం ముందే మొదలుపెడతాడు, అప్పుడు నొప్పి తక్కువని.

కూతురు తనకోసం అబద్ధమాడిందని ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఆ అబద్ధం కింద ఇంకో అబద్ధం ఉందని ఆమెకి తెలియదు. అది ఐదేళ్ళది. అది అతనిది.

*

ఆట చాలా చిన్నది. చెక్కనేల మీద ఒక తెల్లబంతి. రెండు పక్షాలకీ చెరో ఆరు తోలుబంతులు. తెల్లబంతికి ఎవరి బంతి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింటు. విసరలేనివాళ్ళు బంతిని ర్యాంపు అనే వాలు కాలువ మీంచి దొర్లిస్తారు. ర్యాంపు పట్టుకునేందుకు పక్కన ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆ మనిషి కోర్టుకి వీపు పెట్టి, ఆటగాడికి ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చోవాలి. ఆటగాడు ఎడమంటే ఎడమకి, కుడంటే కుడికి జరపాలి. నోరెత్తకూడదు. ఆట సాగినంతసేపూ వెనక్కి తిరగకూడదు.

అంటే బంతి ఎటు పోతోందో చూడని మనిషి చెయ్యి అది. ఆ నియమం పెట్టినవాళ్ళకి తండ్రుల సంగతి బాగా తెలిసి ఉండాలి.

ర్యాంపు అతనే తయారుచేశాడు. మూడు ముక్కలుగా ఊడదీసే చెక్క కాలువ. పై చివర, పిట్ట గడ్డానికి కిందుగా, ముక్కల్ని స్టాండుకి బిగించే స్టీలు రేకు ఒకటి ఉంది. అరచేయంత. రేకు ముఖం అతనివైపు, అతని వెనకున్న కోర్టువైపు. మొదట్లో అందులో ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు ఊరికే మెరుగుపెట్టాడు. లేత్ పనివాడికి గరుకుగా ఉన్నదాన్ని చూస్తే చెయ్యి ఊరుకోదు. మర్నాడు ఆట మధ్యలో తలెత్తితే, రేకులో తన భుజం పక్కగా కోర్టు కనిపించింది. కాస్త వంకరగా. తెల్లబంతి బియ్యపుగింజంత.

అప్పుడు పిట్ట “ఎడమ” అంది. ఎడమకి జరిపాడు. రేకులో చూస్తే ఎక్కువైనట్టు అనిపించింది. వెంట్రుకవాసి వెనక్కి తెచ్చాడు.

బంతి పోయి తెల్లబంతిని ముద్దుపెట్టుకుంది. చప్పట్లు. పిట్ట నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వు అతనికి ఎదురుగా, రెండడుగుల దూరంలో ఉంది.

అలా మొదలైంది. తప్పు చేస్తున్నానని ఏ రోజూ అనుకోలేదు. చెప్పులో రాయి ఉంటే పిల్లని ఆపి దులిపినట్టే కదా అనుకున్నాడు. తర్వాత అదీ అనుకోవడం మానేశాడు. చెయ్యి దానంతటదే జరిపేది. జిల్లా పోటీలు, జాతీయ పోటీలు, చివరికి దేశం జట్టు. పోటీకి ముందు సామాను పరీక్ష చేసేవాళ్ళు ప్రతిసారీ ర్యాంపుని అటూ ఇటూ తిప్పి కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు.

అక్కడ, అన్ని దేశాలూ వచ్చిన చోట, కాగితం కాదు. నెరిసిన జుట్టు మనిషి ఒకామె ర్యాంపు అంతా చేత్తో తడిమి, బాగా చేశావన్నట్టు తలూపి, ఆమోదించినట్టు ఒక స్టిక్కరు తీసింది. చెక్క మీద అంటుకోలేదు. నున్నగా ఉన్న చోటుకోసం వెతికి, రేకు మీద అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ గట్టిగా అదిమింది. స్టిక్కరు సరిగ్గా అరచేయంత ఉంది. చింపితే ఆమోదం పోతుంది.

ఐదేళ్ళలో మొదటిసారి అతను చీకట్లో కూర్చున్నాడు.

మూడో మ్యాచ్. గెలిస్తే పతకం ఖాయం. స్కోరు సమానం, చేతిలో ఉన్నది ఆఖరి బంతి. పిట్ట “ఎడమ” అంది. “ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు.” అంత ఎడమా, అనుకున్నాడు. కళ్ళు అలవాటుకొద్దీ రేకు దగ్గరికి వెళ్ళాయి. అక్కడ స్టిక్కరు.

మెడ తిరిగింది. మెడతో పాటు భుజాలు కూడా తిరిగాయి.

చూశాడు. ర్యాంపు తెల్లబంతికి సూటిగా ఉంది. పిట్ట చెప్పింది అణువు తేడా లేకుండా సరైనది.

రిఫరీ చెయ్యి లేచింది. అవతలి పక్షానికి ఒక పెనాల్టీ బంతి. అతను మళ్ళీ ఇటు తిరిగేసరికి పిట్ట ముఖం ఇంకోలా ఉంది. ఐదేళ్ళుగా తండ్రి ముఖం చూస్తూ ఆడిన పిల్ల, ఆ క్షణంలో అతని వీపు చూసింది. చొక్కా వీపు మీద పెద్ద అక్షరాల్లో దేశం పేరు ఉంది. ఆమె తల వణకడం మొదలైంది. కడ్డీ వణికింది. బంతి వంకరగా జారి సగం దూరంలో ఆగిపోయింది. వాళ్ళ పెనాల్టీ బంతి మాత్రం పాయింటు కోసం గీసిన గీతల మధ్యకి వెళ్ళి కూర్చుంది. ఆట పోయింది.

*

వంటింట్లో భార్య కప్పులు కడుగుతోంది. అతను వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

“ఇవాళ చెప్పేస్తాను,” అన్నాడు.

“ఏం చెప్తారు?”

“ఉంది. నీకు తెలీదు.”

“ఆ రేకు సంగతేనా?”

కుళాయి నీళ్ళు పోతున్నాయి. ఆమె వెనక్కి తిరగలేదు.

“ఈ ఇంట్లో ఏనాడూ ఒక్క గిన్నె తోమిన మనిషి కాదు మీరు,” అంది. “అలాంటిది శనివారం వస్తే పళ్ళపేస్టు పెట్టి ఆ రేకుని తోముతారు. ఒక కన్ను మూసి అటూ ఇటూ వంచి చూస్తారు. నేనేమనుకోవాలి? స్టీలు మీద ప్రేమ అనుకోవాలా?”

“ఎప్పట్నించి తెలుసు?”

“మూడేళ్ళయింది.”

“అడగలేదేం?”

“అడిగితే మానేసేవారు.” కప్పు బోర్లించింది. “మానేస్తే ఓడిపోయేది. గెలిచొచ్చిన రోజు అది ఎలా అన్నం తింటుందో చూశారుగా. ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అని. మిగతా రోజుల్లో నాలుగు చెంచాలు తినిపించేసరికి నాకు ముప్పావుగంట.”

అతను గోడకి ఆనుకున్నాడు. తెలిసిన మనిషి ఒకరున్నారంటే కాస్త తేలికపడాలి. తేలికపడలేదు. మూడేళ్ళుగా తను ఒంటరిగా చేశాననుకున్న పని ఈ వంటింట్లోంచి కనిపిస్తూనే ఉందన్నమాట.

“అందుకే చెప్పాలి,” అన్నాడు.

“ఎవరికోసం?” ఆమె ఇప్పుడు తిరిగింది. చేతుల్నించి నీళ్ళు కారుతున్నాయి. “మీ కడుపుబ్బరం తగ్గడానికి దాని నోటి దగ్గర కూడు లాగేస్తారా? చెప్పేశాక మీకు హాయిగా నిద్రపడుతుంది. దానికి? ఐదేళ్ళలో ఏది తనదో ఏది మీదో ఏరుకుంటూ కూర్చుంటుంది. పతకాలు ఒక్కొక్కటే చూసుకుంటూ.”

“మరి ఆ ఉత్తరం?”

“పొలమారిందని డాక్టరు చేత రాయిద్దాం. ఇప్పుడు బాగుందని ఆయన చేతే రాయిద్దాం. మీ పేరే ఫారంలో పెడదాం. అదీ అదే కోరుతోంది.”

“మళ్ళీ నేనే కూర్చోవాలా?”

“స్టిక్కరు అంటించాక ఇంక చూడలేరుగా,” అంది. అన్నాక తనకే ఏదోలా అనిపించి కొంగుతో చేతులు తుడుచుకుంది.

 చెప్పాలన్న తొందర నిజంగా పిట్ట కోసమా, తన మెడ కోసమా? ఎంత లోపలికి దిగి చూసుకున్నా అక్కడ రెండూ ఒకే మనిషి వేషంలో ఉన్నాయి.

ముందుగదిలోంచి పిట్ట కేక. “మాస్టారు... వచ్చారు. మీ రహస్యాలు... అయ్యాయా?”

*

మాస్టారు కుర్చీని ఆయన భార్య తోసుకొచ్చింది. ఆయన పాతికేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి, కండరాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటుంటే మిగిలినవాటితో ఈ ఆటలోకి వచ్చాడు. ఇప్పుడు కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మాట వింటోంది. ఆ వేలితోనే బంతి వదులుతాడు. ఆయన ర్యాంపు పట్టుకునేది ఆవిడే. పిట్ట ఆవిణ్ణి పెద్దమ్మా అంటుంది.

“ఏమయ్యా, ముఖం చాటేశావు,” అన్నాడు మాస్టారు. “ఫోను తియ్యవు. పదహారు రోజులు. నేనేమన్నా కొడతానా? కొట్టడానికి వేలు తప్ప ఏముంది నా దగ్గర?”

“అదేం లేదు మాస్టారూ.”

“పిట్ట రాసిన కాగితం నాకూ పంపారు, కెప్టెన్ని కదా. అది పొలమారి కాదని నాకూ తెలుసు. పక్కనే ఉన్నాను. తిరిగావు, అయిపోయింది. మెడన్నాక తిరుగుతుంది. తిరక్కపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.”

పిట్ట నవ్వింది. అతను నవ్వబోయి మానేశాడు.

“నేను చెప్పొచ్చిందేమంటే, నీ పేరే రాయించు. వచ్చే పోటీకి నేను రాను. ఈ వేలు కూడా ఈమధ్య పిలిస్తే పలకడం లేదు. నా చోట్లోకి కొత్తవాళ్ళు వస్తారు. పిట్ట ఉండాలి. అలాంటి గురి నేను చూడలేదయ్యా. నేను కోణాలు బోర్డు మీద గీసి చెప్పినవాణ్ణి. అది కళ్ళతో గీస్తుంది.”

ఆ మాటలు ఒక్కొక్కటీ వచ్చి మెడ మీద కూర్చున్నాయి. మాస్టారికి అది ఆఖరి పోటీ. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఓడిపోయాక హోటలు గదిలో కూడా చెప్పలేదు.

 మాస్టారి భార్య గోడకి తగిలించిన జట్టు ఫోటో చూస్తోంది. బయల్దేరే రోజు తీసిన ఫోటో. అద్దం కట్టించి పెద్ద మేకుకి తగిలించారు.

“పదకొండేళ్ళు పట్టాను ర్యాంపు,” అంది, ఫోటోకే చెబుతున్నట్టు. “ఒక్క బంతి ఎటు పోయిందో చూళ్ళేదు. చప్పట్లు ఎటునించి వస్తే దాన్నిబట్టి తెలుసుకునేదాన్ని. ఒకసారి చప్పట్లు రెండువైపులా వచ్చాయి. ఆయన గెలిచారని గదికి వెళ్ళేదాకా నాకు తెలీదు.”

“ఊరుకో,” అన్నాడు మాస్టారు.

“నేనేమన్నాను? ఈ తమ్ముణ్ణి తప్పుపట్టడం లేదు. ఎలా ఉంటుందో చెప్తున్నా.” అతనివైపు చూసింది. “మొదటి ఏడాది నాకూ మెడ పీకేది తమ్ముడూ. తర్వాత అలవాటైంది. మీకు ఐదేళ్ళయినా అలవాటు కాలేదా?”

కోపంగా అడగలేదు. ఒకే పని చేసేవాళ్ళు ఒకరినొకరు అడిగినట్టు అడిగింది. అందుకే తప్పించుకోవడం కుదరలేదు.

వంటింటి గుమ్మంలోంచి భార్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

అతను మూలనున్న ర్యాంపు సంచీ తెచ్చాడు. జిప్పు లాగాడు. పై ముక్క తీసి పిట్ట కుర్చీ ముందు నేలమీద పెట్టి, తను కూడా కూర్చున్నాడు. స్టిక్కరు మూలని గోరుతో లేపాడు.

“అది చింపితే... చెల్లదు నాన్నా,” అంది పిట్ట.

చింపాడు. సగం కాగితం రేకుకే ఉండిపోయింది. మిగతా సగంలో కిటికీ, తువ్వాళ్ళు, మాస్టారి మోకాళ్ళు కనిపించాయి.

“దీంట్లో చూసేవాణ్ణి,” అన్నాడు.

మాస్టారు అర్థంకానట్టు రేకుకేసి చూశాడు. ఆయన భార్యకి వెంటనే అర్థమైంది. ఆవిడ ఒక చేత్తో కుర్చీ పిడి పట్టుకుంది.

“ఐదేళ్ళనించీ. నువ్వు చెప్పినచోట పెట్టి, దీంట్లో చూసి, నాకు తేడా అనిపిస్తే జరిపేవాణ్ణి. కొంచెమే. నీకు తెలిసేంత కాదు.”

ఫ్యాను తిరుగుతోంది. ఉప్పుసీసా కింద ఉత్తరం అంచు లేచి పడుతోంది.

పిట్ట చాలాసేపు రేకునే చూసింది. తర్వాత తలెత్తి గుమ్మంవైపు చూసింది.

“అమ్మకి... తెలుసా?”

తల్లి కళ్ళు దించుకుంది.

“ఎన్ని?” అని అడిగింది పిట్ట.

“ఏంటమ్మా?”

“ఎన్ని బంతులు?”

“తెలీదు.”

“జాతీయ పోటీల్లో... ఆఖరిది?”

“జరిపాననుకుంటా.”

“ఎటు?”

“కుడికి.”

“నేను ఎటన్నాను?”

“ఎడమ.”

“జరపకపోతే?”

అతను సమాధానం కోసం నిజంగా వెతికాడు. ఆ బంతిని మళ్ళీ మళ్ళీ దొర్లించి చూశాడు. “తెలీదమ్మా,” అన్నాడు. “అప్పుడు తెలుసనుకున్నాను.”

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు తరగతి గదిలోకి వెళ్ళిపోతుంది.

“స్టిక్కరు ఎప్పుడు అంటించారు?”

“సామాను పరీక్షలో. మొదటిరోజే.”

“మొదటి మ్యాచ్‌కి ముందా, తర్వాతా?”

“ముందే.”

“అంటే మూడు మ్యాచ్‌ల్లోనూ నీకేమీ కనిపించలేదు.”

“లేదు.”

“జరపలేదు.”

“జరపడానికి ధైర్యం చాల్లేదు.”

“మొదటి రెండూ గెలిచాం,” అన్నాడు మాస్టారు. “రెండోది ఏడుకి రెండు. అందులో ఐదు పాయింట్లు పిట్టవి.” ఆయన వేలు కుర్చీ చేతిమీద లేచి పడింది, సున్నం ముక్కతో చుక్క పెట్టినట్టు. “లెక్క తేలిపోయింది కదయ్యా. ఆ రెండు మ్యాచ్‌లూ దాని చూపుతో గెలిచినవే.”

 ఇది పదహారు రోజులుగా అతని కళ్ళముందే ఉంది. ఎందుకు కనిపించలేదు? ఆ రెండు మ్యాచ్‌ల్లో పాయింటు వచ్చిన ప్రతిసారీ అతను అనుకున్నది ఒకటే, ఈసారికి గండం గడిచిందని. ఒక్కసారి కూడా ఆమె గెలిచిందని అనుకోలేదు.

భార్య గుమ్మంలోంచి రెండడుగులు ముందుకొచ్చింది. ముఖంలో ఏదో వెలుగు. “విన్నావే? మాస్టారు ఏమంటున్నారో విన్నావా?”

పిట్ట వినలేదన్నట్టే ఉంది. తండ్రి ముఖంలోకి చూస్తోంది. రెండడుగుల దూరం. ఆటలో కూర్చునే దూరమే.

“రెండు గెలిచాక కూడా... తిరిగావు,” అంది.

అతను ఇంతకాలం దాచింది రేకు అనుకున్నాడు. రేకు పైన ఉన్నది. కింద ఉన్నది ఇది. ఆ పిల్ల దాన్ని ఒక్క వాక్యంలో పైకి తీసి నేలమీద పెట్టింది.

“అవును,” అన్నాడు.



“మోసం... అంటే అర్థమవుతుంది,” అంది పిట్ట. “గెలవాలని చేస్తారు. ఇదేంటి నాన్నా?”

 మాస్టారు ఉత్తరంకేసి చూశాడు.

“నేను కెప్టెన్ని,” అన్నాడు మెల్లగా. “విన్నది విననట్టు ఉండలేను. రేపు కార్యదర్శికి చెప్పాల్సిందే. పాత పోటీల పతకాలు ఏం చేస్తారో వాళ్ళిష్టం. తీసుకుంటే తీసుకుంటారు.”

“మాస్టారూ,” అంది తల్లి.

“చెప్పండి,” అంది పిట్ట. “నేనూ రాస్తాను... పొలమారలేదని. ఈసారి... తొందరగానే అయిపోతుంది.” కాసేపు ఊపిరి తీసుకుంది. “పెద్దమ్మా. మీరొకసారి... పట్టుకుంటారా?”

మాస్టారి భార్య భర్తవైపు చూసింది. ఆయన వేలు కదిలింది. అది సరేననడమో, ఊరికే కదలడమో తెలియలేదు. ఆవిడ కొంగు దోపుకుని ర్యాంపు ముక్కలు బిగించడం మొదలుపెట్టింది. పని తెలిసిన చేతులు. ఏ ముక్క ఎక్కడో ఎవర్నీ అడగలేదు. రేకు మీద ఒక చేతిరుమాలు కట్టింది.

ముందుగదినించి వంటింటి గుమ్మం దాకా నేలమీద సాధనకి వేసిన టేపు గీతలు ఎప్పుడూ ఉంటాయి. తల్లి బల్ల పక్కకి లాగింది. పిట్ట తలకి పట్టీ బిగించి, తెల్లబంతి తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టింది.

“నేను బయటికి వెళ్ళనా?” అన్నాడు అతను.

“వద్దు. ఇక్కడే... అటు తిరిగి కూర్చో. ఆరు బంతులు. తర్వాత... ఫారం రాద్దాం.”

“ఎవరి పేరు?”

పిట్ట కడ్డీని తెల్లబంతివైపు తిప్పింది.

అతను స్టూలు గోడవైపు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా జట్టు ఫోటో. మాస్టారు, పిట్ట, వెనక తనూ ఆవిడా. అద్దంలో గది కనిపించింది. వంకరగా కూడా లేదు. కిటికీ వెలుతురులో గుమ్మం, గుమ్మం దగ్గర తెల్లచుక్క.

కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. అయినా చుక్క ఉన్నట్టే ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

“కుడి,” అంది పిట్ట వెనకనించి. “ఇంకొంచెం. వెనక్కి. చాలు.”

కడ్డీ బంతిని వదిలిన చిన్న టక్కు. దొర్లుడు. గచ్చు మీద తోలు ఒరుసుకుంటూ పోయింది, మెల్లబడింది, ఆగింది. తాకిందో లేదో తెలియలేదు.

రెండోది. మూడోది. మూడోది దేన్నో తాకింది. తెల్లదాన్నా, ముందు వదిలిన బంతినేనా?

ఎవరూ ఏమీ అనలేదు. భార్య కూడా. ఆమె ఊపిరి ఒకసారి పెద్దగా వినిపించింది, అది దేనికో పోల్చుకోలేకపోయాడు. మెడ వెనక వేలు ఇప్పుడు రెండు చేతులై పట్టుకుని తిప్పుతోంది. అతను స్టూలు అంచులు పట్టుకున్నాడు.

నాలుగు. ఐదు.

ఆరో బంతికి పిట్ట చాలాసేపు తీసుకుంది. “ఎడమ,” అంది. “ఇంకొంచెం. ఇంకొంచెం.” అదే గొంతు. ఆ రోజు హాల్లో ఉన్నదే. “చాలు.”

టక్కు. దొర్లుడు. ఆగింది.

చప్పట్లు లేవు. ఏ వైపునించీ లేవు.

ఉప్పుసీసా జరిపిన చప్పుడైంది. ఫారం మడత విప్పిన చప్పుడు.

“పెద్దమ్మా... పెన్నుందా?” అంది పిట్ట. “నేను చెప్తాను. మీరు రాయండి.”

పిట్ట చెప్పిన పేరు అతనికి వినపడలేదు. ఆవిడ పిట్ట నోటి దగ్గరికి వంగి ఉండాలి. పెన్ను కాగితం మీద కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది.

అతను తిరగలేదు.